ఇంట్లో చేసుకున్న బల్లలో రౌటర్ ప్లేటు బిగించడం: మెట్టు, మూలలు, మట్టం

చెక్కపొట్టు:
చెక్కపని కోసం సొంతంగా తయారుచేసుకుంటున్న బల్లకు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన) పలకలు రెండింటిని జిగురుతో అతికించి పైపలకగా అమర్చాను. రెండు వైపులా లామినేట్ వేసినందువల్ల మొత్తం మందం 38 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఇందులో 298 మిల్లీమీటర్ల పొడవు, 235 మిల్లీమీటర్ల వెడల్పు, 9.5 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం రౌటర్ ప్లేటును, అంటే రౌటర్‌ను (వేగంగా తిరిగే బిట్‌తో చెక్కలో గాళ్లు, అంచులు కోసే యంత్రాన్ని) బల్ల కింద వేలాడదీసి బిగించే ప్లేటును, పలకతో సమమట్టంగా కూర్చోబెట్టాలి. నా దగ్గర రౌటర్, జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతిరంపపు యంత్రం), డ్రిల్లు మాత్రమే ఉన్నాయి. ముందు ఆరపార రంధ్రం కోసి ఆ తరువాత ప్లేటు ఆనుకునే మెట్టును తీయాలా, లేక మెట్టే ముందు తీయాలా? మెట్టు లోతు ప్లేటు మందానికి సరిగ్గా సమానంగా ఉండాలా? ఈ పని చేసినవారు దయచేసి తమ అనుభవం తెలియజేయగలరు.

చిత్రిక:
మెట్టునే ముందు తీయండి. రంధ్రం ముందే కోసేస్తే రౌటర్ అడుగు ఆనడానికి మధ్యలో ఆధారం ఉండదు. కాస్త వాలినా బిట్ లోతుగా దిగి మెట్టు మీద గుంట పడుతుంది.

నేను అనుసరించే పద్ధతి ఇది. ప్లేటును పలక మీద కావలసిన చోట ఉంచి, దాని నాలుగు అంచులకూ తిన్నని చెక్కపట్టీలను ఆనించి, రెండువైపులా అంటుకునే టేపుతో పలకకు అతికిస్తాను. ప్రతి పట్టీ ఒక కొన పక్క పట్టీ అంచుకు తగిలేలా, రెండో కొన బయటికి పొడుచుకుని వచ్చేలా అమర్చితే పట్టీలను కొలతకు తగినట్టు కోయవలసిన అవసరమే ఉండదు. అతికించే ముందు ఒక పొడవు అంచులోనూ ఒక వెడల్పు అంచులోనూ ప్లేటుకూ పట్టీకీ మధ్య మందపాటి కాగితం ఒకటి పెడితే, తరువాత ప్లేటు బిగుసుకుపోకుండా దిగడానికి చాలినంత ఖాళీ మిగులుతుంది. పట్టీలు కనీసం 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, ఎందుకంటే రౌటర్ బరువంతా వాటి మీదే నడుస్తుంది. అదే మందం గల ముక్క ఒకటి మధ్యభాగంలో కూడా అతికిస్తే రౌటర్ లోపలివైపు వాలదు.

బిట్ కొనేటప్పుడు ఒక విషయం గమనించండి. బేరింగ్ (పట్టీ అంచు వెంట దొర్లే చిన్న చక్రం) కాడ వైపున, అంటే రౌటర్‌లో పట్టించే కొన వైపున, ఉన్న బిట్ కావాలి, పైగా దాని కోత భాగం పొట్టిగా ఉండాలి. పట్టీల మందం 12 మిల్లీమీటర్లు, కోత భాగం 25 మిల్లీమీటర్లు అయితే, మొదటిసారి 3 మిల్లీమీటర్ల లోతు తీసేటప్పుడు బేరింగ్ పట్టీకి పైన గాలిలో ఉంటుంది, బిట్ నేరుగా పట్టీనే కోస్తుంది. కోత భాగం 12 మిల్లీమీటర్లు ఉన్నదైతే ఆ మొదటి లోతులోనే బేరింగ్ పట్టీకి ఆనుతుంది. ఒక్కొక్కసారికి 3 మిల్లీమీటర్లకు మించి దింపకుండా, చట్రం లోపల సవ్యదిశలో నడపండి. అలా నడిపితే బిట్ తిరిగే దిశకు ఎదురుగా వెళ్తారు కాబట్టి రౌటర్ చేతిలోంచి గుంజుకుని పోదు.

మూలమట్టం:
చిత్రిక గారి పద్ధతితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఆయన మూలల ప్రస్తావన తేలేదు. ప్లేటు మూలలు గుండ్రంగా ఉంటాయి, బిట్ కోసిన మూల కూడా గుండ్రంగానే ఉంటుంది, ఈ రెండింటి వ్యాసార్ధం కలవాలి. ప్లేటు మూల వ్యాసార్ధం 9.5 మిల్లీమీటర్లు అయితే 19 మిల్లీమీటర్ల వ్యాసం గల బిట్ సరిగ్గా సరిపోతుంది. అంతకంటే పెద్ద బిట్ వాడితే మూలల్లో చెక్క మిగిలిపోయి ప్లేటు అసలు దిగదు. చిన్న బిట్ వాడితే మూలల్లో సన్నని ఖాళీ కనిపిస్తుంది, అది చూడ్డానికి బాగుండకపోవచ్చు గానీ పనికి అడ్డు రాదు. వ్యాసార్ధం తెలియకపోతే వేర్వేరు సైజుల డ్రిల్లు బిట్ల కాడలను మూల పక్కన ఆనించి చూస్తే అంచనా దొరుకుతుంది. ఆ తరువాత ఒక మూలను మాత్రం పనికిరాని చెక్కముక్క మీద కోసి చూడండి. పట్టీలు, బిట్ సరిపోయాయో లేదో ఆ ఒక్క కోతతో తేలిపోతుంది.

మెట్టు వెడల్పు 12 మిల్లీమీటర్లు ఉంచితే ఆరపార రంధ్రం 274, 211 మిల్లీమీటర్ల కొలతకు వస్తుంది. జిగ్‌సా పట్టే ముందే మీ రౌటర్ పిడులతో సహా ఆ రంధ్రంలోంచి పైకి వస్తుందో లేదో కొలిచి చూసుకోండి. బిట్ మార్చాలన్నా, మోటారు తీయాలన్నా చాలామంది ప్లేటుతో సహా రౌటర్‌ను పైకి ఎత్తుతారు. పెద్ద రౌటర్ల పిడులు అక్కడే తట్టుకుంటాయి.

రంధ్రం కోసేటప్పుడు మూలల్లో డ్రిల్లు వేసి, జిగ్‌సాను రౌటర్‌తో తీసిన గాడిలోంచే నడపండి. తెగిపోబోయే మధ్యముక్కకు కిందినుంచి ఒక పట్టీ కట్టకపోతే, అది చివరి కోతలో తన బరువుకే విరిగి మెట్టులో కొంత భాగాన్ని చీల్చుకుని కిందపడుతుంది.

బర్మా:
లోతు గురించి నా అభిప్రాయం చెబుతాను. ప్లేటు మందానికి సరిగ్గా సమానంగా తీయాలని ప్రయాసపడవద్దు. అర మిల్లీమీటరు ఎక్కువ లోతు తీసి, మెట్టు నాలుగు మూలల్లోనూ పొడవు అంచుల మధ్యలోనూ మరలు బిగించి, వాటి తలల మీద ప్లేటును కూర్చోబెట్టి మట్టం సరిచేసుకోవాలి. ఎం6 (6 మిల్లీమీటర్ల వ్యాసం గల) మర ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి పావు చుట్టుతో పావు మిల్లీమీటరు సర్దుబాటు దొరుకుతుంది. అయితే ఎండీఎఫ్‌లోకి నేరుగా బిగించిన మర కొన్నాళ్లకు వదులవుతుంది; లోపల మరచుట్లు ఉన్న ఇత్తడి గొట్టాలను ఎపాక్సీ జిగురుతో అమర్చి, వాటిలో మరలు తిప్పడం మంచిది.

ఉలి_సుత్తి:
దీనితో నేను విభేదిస్తున్నాను. ప్లేటు బరువు, దానికి వేలాడే రౌటర్ బరువు, పైనుంచి చెక్కను నొక్కే చేతి బలం, ఇవన్నీ ఆరు మరల తలల మీదికి చేరడం కంటే చుట్టూ ఉన్న మెట్టు అంతటా పరుచుకోవడమే మేలు. లోతును ప్లేటుతోనే కొలవవచ్చు. రౌటర్‌ను ప్లేటు మీద నిలబెట్టి బిట్‌ను బల్లకు తగిలేదాకా దింపి, ఆ స్థానంలో లోతు ఆపుదలను (బిట్ అంతకు మించి దిగకుండా రౌటర్‌లో ఉండే అమరికను) బిగించండి. పట్టీల మీద రౌటర్ నడుస్తుంది కనుక ప్లేటు కింద అదే మందం గల పట్టీ ముక్కను కూడా పెట్టడం మరవకండి. ఎక్కడైనా వెంట్రుకవాసి లోతు ఎక్కువైతే అక్కడ పలుచని టేపు ముక్క అతికిస్తే చాలు. ఇలా బిగించిన ప్లేటు నా బల్లలో ఇప్పటివరకు కదలలేదు.

బర్మా:
ప్లేటు అక్రిలిక్ ప్లాస్టిక్‌ది అయితే ఉలి_సుత్తి గారి మాటే సరైనది, ఎందుకంటే అది బరువుకు క్రమంగా మధ్యలో కుంగుతుంది. కానీ ప్రశ్న అడిగినవారి ప్లేటు 9.5 మిల్లీమీటర్ల అల్యూమినియం. అంత మందం గల లోహం ఆరు ఆధారాల మధ్య కంటికి ఆనేంత వంగదు. కుంగేది ప్లేటు కాదు, బల్ల పలక. రౌటర్ బరువు ఎప్పుడూ వేలాడుతూ ఉంటే పలకే మధ్యలో దిగుతుంది, అప్పుడు సమలోతు మెట్టు కూడా దానితోపాటే దిగిపోతుంది. మరలు ఉన్నచోట తిరిగి సర్దుకునే వీలుంటుంది. పలక కింద రంధ్రానికి రెండు పక్కలా నిలువుగా గట్టి పట్టీలు బిగించడం మాత్రం ఏ పద్ధతిలోనైనా తప్పనిసరి.

చెక్కపొట్టు:
అందరికీ ధన్యవాదాలు. పట్టీల చట్రం అమర్చి, తుక్కు పలక మీద ఒక మూల కోసి చూశాను, ప్లేటు మూల అందులో చక్కగా కూర్చుంది. పలక కింద పట్టీలు బిగించి, మరల పద్ధతినే ఎంచుకుంటున్నాను. మరి ప్లేటు పలక కంటే రవ్వంత ఎత్తుగా ఉండాలా, లేక పల్లంగా ఉండాలా?

మూలమట్టం:
పల్లంగా మాత్రం ఉండకూడదు. చెక్కను కుడినుంచి ఎడమకు నెడతాము. ప్లేటు పల్లంగా ఉంటే చెక్క ముందుకొన బిట్‌ను దాటాక ఎడమవైపు పలక అంచుకు తట్టుకుని ఆగుతుంది. అది ఆగినంతసేపూ బిట్ అదే చోట తిరిగి మాడిన మచ్చ చేస్తుంది. ఎత్తుగా ఉంటే బిట్‌ను చేరకముందే కుడి అంచులో తట్టుకుంటుంది, కాబట్టి నష్టం తక్కువ. ఉక్కు స్కేలును ప్లేటు మీదుగా అడ్డంగానూ ఐమూలగానూ నిలబెట్టి, కింద వెలుతురు కనిపించకుండా పోయేదాకా మరలు తిప్పండి. ఈ పరీక్షను రౌటర్ బిగించి ఉన్నప్పుడే చేయాలి, ఖాళీ ప్లేటుతో చేసిన మట్టం బరువు పడ్డాక నిలవదు. ప్లేటు పై అంచులను ఆకురాయితో కాస్త ఏటవాలుగా అరగదీస్తే మిగిలిన కొద్దిపాటి తేడా కూడా చెక్కకు తగలదు.

చిత్రిక:
ఇంకొక చిన్న మాట. మెట్టు, నిలువు గోడ కలిసే లోపలి మూల వెంట సన్నని గాడి ఒకటి ఉంటే పొట్టు అందులోకి జారుతుంది. లేకపోతే ప్లేటు తీసి పెట్టిన ప్రతిసారీ పొట్టు కింద ఇరుక్కుని మట్టం మారుతుంది. కోసిన ఎండీఎఫ్ అంచులకు పాలియురేథేన్ వార్నిష్ పూయడం మరవకండి, తేమకు అవి ఉబ్బుతాయి. పూత ఆరిన తరువాతే ప్లేటు దిగుతుందో లేదో చివరిసారి చూసుకోవాలి, ఎందుకంటే పూత మందం కూడా ఖాళీని తినేస్తుంది.

చెక్కపొట్టు:
ప్లేటుకు రౌటర్‌ను బిగించే రంధ్రాలు ఇంకా వేయలేదు. రౌటర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకను విప్పి, దాన్నే కొలతగా వాడవచ్చా?

బర్మా:
వాడవచ్చు, కానీ ఏ ముఖం పైకి ఉందో చూసుకోండి. రంధ్రాలు సమాన దూరంలో లేని రౌటర్లు ఉంటాయి. పలకను తలకిందులుగా పెట్టి గుర్తులు వేస్తే అద్దంలో చూసినట్టు తారుమారవుతాయి. ప్లేటు పైముఖం మీద ప్లాస్టిక్ పలకను ఉంచినప్పుడు దానిలో చెక్కను తాకే ముఖం పైకి కనిపించాలి, మరల తలలు దిగే గుంటలు కూడా ఆ వైపునే వేయాలి. ప్లేటు మధ్యరంధ్రంతో కేంద్రం కలవడానికి, కాలెట్‌లో (రౌటర్‌లో బిట్ కాడను పట్టుకునే భాగంలో) తిన్నని కడ్డీ పట్టించి ప్లాస్టిక్ పలక రంధ్రానికి అన్ని వైపులా దూరం సమానంగా ఉందో ముందు చూడండి, కొన్నింటిలో అది ఫ్యాక్టరీలోనే కొద్దిగా పక్కకు ఉంటుంది. పాత మరలు ఈ ప్లేటు మందానికి పొట్టిగా పడతాయి కాబట్టి అవే మరచుట్లు గల పొడవైనవి తెచ్చుకోండి. అయితే మరీ పొడవైన మర రౌటర్ అడుగులోని రంధ్రం కొసకు తగిలి, బిగిసినట్టు అనిపిస్తూనే ప్లేటును వదులుగా ఉంచుతుంది.