2147483647 ప్రధాన సంఖ్యేనా? నా ప్రోగ్రాం కాదంటోంది

ప్రశ్న (అమలాపురం నుంచి)
అందరికీ నమస్కారమండి. డిగ్రీ రెండో సంవత్సరం. ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చే ప్రోగ్రాం జావాలో రాశాను. 97, 7919, 1000003 అన్నీ సరిగ్గానే చెబుతోంది. 2147483647 ఇస్తే మాత్రం చాలాసేపు తిరిగి "కాదు" అంటోంది. పుస్తకంలో అవుననే ఉంది. రేపు ల్యాబ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉందండి. లూపులో ఐ 2 నుంచి ఒక్కొక్కటీ పెరుగుతుంది, ఐ × ఐ ≤ ఎన్ (నేనిచ్చిన సంఖ్య) అయినంతవరకు తిరుగుతుంది, మధ్యలో ఎన్‌ని ఐతో భాగిస్తే శేషం సున్నా వస్తే "కాదు" అంటుంది. రెండూ జావాలో పూర్ణ సంఖ్యలు దాచే రకమైన ఇంట్‌లే.

జవాబు (భీమవరం నుంచి)
పుస్తకం నిజమే తమ్ముడూ, తప్పు లూపు షరతులో ఉంది. ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే, 2³¹ − 1. 46340 వర్గం 2147395600, పడుతుంది. 46341 వర్గం 2147488281, పట్టదు. పొర్లిపోయి −2147479015 అవుతుంది. అది ఎన్ కన్నా చిన్నదే కదా, లూపు ఆగదు. అసలు ఏ ఇంట్ అయినా ఈ ఎన్‌ని దాటలేదు. ఐ పెరిగి పెరిగి చివరికి ఎన్ దగ్గరికే వస్తుంది, శేషం సున్నా, "కాదు" అనేస్తుంది. షరతును ఐ ≤ ఎన్ / ఐ అని మార్చు. భాగహారం పొర్లదు.

జవాబు (నరసాపురం, లెక్కల మాస్టారు)
కోడ్ సంగతి ఆయన చెప్పారు. లెక్క సంగతి నేను చెబుతాను బాబూ, నాకు ఎంతో ఇష్టమైన సంఖ్య ఇది. ఇది ప్రధానమని గణితవేత్త ఆయిలర్ 1772 నాటికే తేల్చాడు. అంతా చేతి లెక్కే. వర్గమూలం లోపు ప్రధాన సంఖ్యలు సుమారు 4,800. అన్నిటితో భాగించనక్కర్లేదు. పి అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకో. 2ని 31 సార్లు గుణిస్తే పి మీద శేషం 1 వస్తుంది. 31 ప్రధానం కాబట్టి అంతకన్నా ముందు రాదు. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం పి − 1 సార్లకూ శేషం 1, అంటే పి − 1ని 31 భాగించాలి. పి బేసి కనుక 62 భాగించాలి. పిని 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలన్న నియమం కూడా కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి. వాటిలో మొదటి ప్రధానాలు 311, 1303, 1489. ఒకటి రెండు చేత్తో భాగించి చూడు, ఆ ఆనందం వేరు.

2 మీది ఘాతం ప్రధానమైతే చాలు, 1 తీసేయగా వచ్చేదీ ప్రధానమే అనుకోకు. 2¹¹ − 1 = 2047 = 23 × 89.

ప్రశ్న అడిగినవారు
ఆయ్, షరతు మార్చానండి, వెంటనే "అవును" అని వచ్చేసింది. అన్నా, చాలా థ్యాంక్స్. మాస్టారూ, 311తో శేషం 35, 1303తో 226 వచ్చాయండి. ఈ 248 పద్ధతే ప్రోగ్రాంలో పెట్టేయనా?

లెక్కల మాస్టారు
రెండూ సరే. పెట్టకు బాబూ, అది ఈ ఒక్క సంఖ్యకే సరిపోతుంది. 35 ఇచ్చావనుకో, 5ని వదిలేసి ప్రధానమనేస్తుంది. ల్యాబ్‌కి మామూలు లూపే తీసుకెళ్ళు.