‘అదెస్తె ఫిదేలెస్’ బాణీ ఎవరిది?

ప్రశ్న: మన సంఘాల్లో ‘ఓ సద్భక్తులారా’ అని పాడుకొనే క్రిస్మస్ కీర్తనకు మూలమైన ఈ లాటిన్ పాటను పోర్చుగల్ రాజు నాలుగవ జాన్ రచించాడని అంటారు. పాత ఇంగ్లిషు కీర్తనల పుస్తకాల్లోనూ దీనికి ‘పోర్చుగీసు కీర్తన’ అనే పేరుంది. మరి ఈ మాటను ఎందుకు కాదంటున్నారు?

సమాధానం: ఆ పేరు పాట వినిపించిన చోటును బట్టి వచ్చింది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో కాథలిక్కుల ఆరాధనపై చట్టపరమైన ఆంక్షలుండేవి కనుక, వారి సంగీతం లండన్‌లోని విదేశీ రాయబారుల ప్రార్థనాలయాల్లోనే నిరాటంకంగా సాగేది. పోర్చుగీసు రాయబారి ప్రార్థనాలయం వాటిలో ఒకటి. రాజు 1656లోనే మరణించాడు. తొలి రాతప్రతులేమో 1740ల నాటివి. వాటిని రాసినవాడు ఫ్రాన్సులోని దువే పట్టణంతో సంబంధమున్న ఇంగ్లిషు కాథలిక్కు జాన్ ఫ్రాన్సిస్ వేడ్. కర్త అతడే అని నా నమ్మకం.

అభ్యంతరం: అయ్యా, సంగీత ప్రతులు రాయడమే వేడ్ గారి వృత్తి. చేతిరాత ఆయనదైనంత మాత్రాన బాణీ కూడా ఆయనదే అవుతుందా? 1744లో పారిస్ సంతలో ప్రదర్శించిన, ఫ్రెంచి నాటకకర్త ఫవార్ రాసిన నాటకం ‘అకజూ’లోని ఒక పాట దీనికి చాలా దగ్గరగా ఉంది.

జవాబు: మీరు చూపిన పోలిక విలువైనదేనండి. అయితే ఆ తరహా నాటకాల్లో జనం నోళ్లలో నానుతున్న బాణీలకే కొత్త మాటలు కట్టేవారు. కాబట్టి వేడ్, ఫవార్ ఇద్దరూ ప్రచారంలో ఉన్న ఒకే బాణీని అందుకొని ఉండవచ్చు. లాటిన్ మాటలు మాత్రం వేడ్‌వే అని నేను ఇప్పటికీ అంటాను. పాదాల్లో అక్షరాల లెక్క కుదరదు, ప్రాసలూ లేవు, అందుకే చరణం మారినప్పుడల్లా గాయకులు కొన్ని స్వరాలను విడదీసి, కొన్నింటిని కలిపి పాడవలసి వస్తుంది.

రంగస్థలపు ఛాయ నాకు పల్లవిలోనే స్పష్టంగా వినిపిస్తుంది. ‘నమస్కరింప రండి’ అనే పిలుపు మొదటిసారి షడ్జమం మీద, రెండోసారి గాంధారం మీద, ఎత్తుకొంటుంది; మూడోసారి గాంధారం మీద మొదలై వెంటనే మధ్యమానికి ఎక్కుతుంది. చాలా బృందాల్లో మొదట స్త్రీల గొంతులే పాడగా, తర్వాత మరికొన్ని గొంతులు చేరి, చివరికి మంద్రస్థాయి పురుషుల గొంతులతో సహా అందరూ కలుస్తారు. తొలి ప్రతిలో ఈ బాణీ మూడు మాత్రల నడకలో, దాదాపు నాట్యానికి తగినట్లుగా ఉంది. నేడు మనం పాడే నిండైన నాలుగు మాత్రల నడక తర్వాత వచ్చి చేరినదే.