టీవైలో ఉన్న అమ్మాయి, శుక్రవారం ఇవ్వాల్సిన సబ్జెక్ట్ ఫారం, ఇంట్లో గొడవ

గాల్వే అమ్మ:
అందరికీ నమస్తే. మేం ఐర్లాండ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు ట్రాన్సిషన్ ఇయర్‌లో (టీవై) ఉంది, అంటే జూనియర్ సర్ట్ పరీక్షకీ స్కూలు చివరి రెండేళ్లకీ మధ్య వచ్చే ఏడాది. జూనియర్ సర్ట్ బాగానే రాసింది, ఆ తర్వాత ఈ ఏడాదంతా పెద్ద పరీక్షల్లేవు. ఒక వారం ఫస్ట్ ఎయిడ్ అంటుంది, ఇంకో వారం మ్యూజికల్ రిహార్సల్ అంటుంది, మొన్నయితే పాత కుర్చీకి కొత్త బట్ట వేయడం నేర్చుకుని వచ్చింది. నాకేం బాధ లేదు కానీ మావారికి నిద్ర పట్టడం లేదు. గుంటూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "పిల్ల ఏ గ్రూపు తీసుకుంది" అని అడుగుతారు. ఇక్కడ గ్రూపులుండవత్తయ్యా, ఈ ఏడాది చదువు కూడా సగమే అంటే అటువైపు నుంచి కాసేపు మాట రాదు. అక్కడ గ్యాప్ అంటే లాంగ్ టర్మ్ కోచింగే కదా మరి.

అసలు తంటా ఫారంతో. టీవై తర్వాత ఫిఫ్త్ ఇయర్, సిక్స్త్ ఇయర్, చివర్లో లీవింగ్ సర్ట్ పరీక్ష. ఫిఫ్త్ ఇయర్ సబ్జెక్టులు శుక్రవారంలోగా రాసివ్వాలి. ఐరిష్, ఇంగ్లీషు, మ్యాథ్స్ ఎలాగూ ఉంటాయి, మిగతా నాలుగూ నాలుగు బ్లాకుల్లోంచి ఒక్కోటి ఎంచుకోవాలి. ఫ్రెంచ్, బయాలజీ, కెమిస్ట్రీ దగ్గర పేచీ లేదు. నాలుగో బ్లాకులో ఫిజిక్స్, ఆర్ట్ రెండూ పక్కపక్కన పడ్డాయి. ఫారం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. రాత్రి అది పెన్సిల్‌తో ఆర్ట్ దగ్గర టిక్కు పెట్టి పడుకుంటుంది, పొద్దున నేను లేచేసరికి ఆయన అది చెరిపి ఫిజిక్స్ దగ్గర పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయి ఉంటారు. ఆ గడి దగ్గర కాగితం అరిగి పల్చబడిపోయింది.

ఏమవుతావే అంటే ఒకరోజు ఆర్కిటెక్ట్ అంటుంది, ఇంకోరోజు బయోమెడికల్ ఇంజినీరింగ్ అంటుంది. ఫిజిక్స్ లేకపోతే ఇంజినీరింగ్‌కి దారి మూసుకుపోయినట్టేనా? టీవై వల్ల చదువు మీద పట్టు పోతుందంటున్నారు ఈయన, నిజమేనా? పిల్లల్ని ఈ దారిలో దాటించినవాళ్లు చెప్పండి.

లూకన్ నాన్న:
మీవారి బాధ నాకు తెలుసండి, మూడేళ్ల కిందట నేనూ అదే మనిషిని. ముందు మీ ప్రశ్న సంగతి. యూసీడీ (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్) ఇంజినీరింగ్‌కి హయ్యర్ మ్యాథ్స్‌లో, అంటే పై స్థాయి పేపర్లో, హెచ్4 గ్రేడు కావాలి, దాంతోపాటు ఏదో ఒక ల్యాబ్ సైన్స్ పాసవ్వాలి. ఆ ల్యాబ్ సైన్స్ కెమిస్ట్రీ అయినా సరిపోతుంది. ఫిజిక్సే ఉండాలన్న రూల్ లేదు. ఫిజిక్స్ చదివి వెళితే మొదటి సంవత్సరం కాస్త సుఖంగా ఉంటుంది, అది వేరే విషయం. మీ అమ్మాయి చేరే ఏడాదికి కాలేజీ వెబ్‌సైట్‌లో ఇంకోసారి చూసుకోండి.

మనవాళ్లు ఎంపీసీ, బైపీసీ లెక్కలో ఆలోచిస్తారు కాబట్టి పొరపాటు చేస్తారు. ఇక్కడ ఏడు సబ్జెక్టులు రాస్తే బాగా వచ్చిన ఆరే లెక్కలోకి వస్తాయి. అన్నిటికన్నా పై గ్రేడు హెచ్1కి 100 పాయింట్లు, హెచ్2కి 88, హెచ్3కి 77, ఇలా దిగుతూ వెళతాయి. ఆర్ట్‌లో వచ్చిన 88కీ ఫిజిక్స్‌లో వచ్చిన 88కీ కాలేజీ సీట్ల దరఖాస్తులు చూసే సీఏఓ దగ్గర తేడా ఏమీ లేదు. మ్యాథ్స్ ఒక్కదానికే ప్రత్యేకం, హయ్యర్‌లో హెచ్6 ఆపైన ఏది వచ్చినా 25 పాయింట్లు అదనం, మ్యాథ్స్ ఆ ఆరింటిలో ఉంటే చాలు. అంటే మ్యాథ్స్‌లో హెచ్3 తెచ్చుకుంటే 102, ఇంకో సబ్జెక్టులో హెచ్1 కన్నా ఎక్కువే. గొడవ పడాల్సిందేదైనా ఉంటే దాని గురించి పడండి.

టీవై విషయంలో మాత్రం నేను మీవారి పక్షం, సగం మాత్రమే. మావాడు ఆ ఏడాది మ్యాథ్స్ పుస్తకం ముట్టలేదు. ఫిఫ్త్ ఇయర్ మొదటి టెస్టులో ఆల్జీబ్రా సూత్రాలు గుర్తులేక తెల్ల కాగితం ఇచ్చినంత పని చేశాడు. క్రిస్మస్ దాకా హయ్యర్ వదిలేస్తానని ఒకటే ఏడుపు. తప్పు టీవైది కాదు, వారానికి రెండు గంటలు కూడా కూర్చోబెట్టని నాది.

మందుల షాపు గ్రాడ్యుయేట్:
హాయ్ ఆంటీ, నేను సిక్స్త్ ఇయర్, జూన్‌లో లీవింగ్ సర్ట్ రాస్తున్నాను. మా అమ్మ కూడా టీవై వద్దంది, మా స్కూల్లో తప్పనిసరి కాబట్టి బతికిపోయాను. నాకు ఫార్మసీ చదవాలని ఉండేది. వర్క్ ఎక్స్‌పీరియన్స్‌కి ఒక మందుల షాపులో రెండు వారాలు పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డబ్బాల మీద ఎక్స్‌పైరీ తేదీలు చూసి, దగ్గర పడినవి ముందుకి జరపడం. మూడో రోజుకి కౌంటర్ వెనక ఫార్మసిస్ట్‌ని చూస్తూ కూర్చున్నాను, ఆవిడ ఎనిమిది గంటలు నిలబడే ఉన్నారు, మధ్యమధ్యలో జనం చేత తిట్లు. నాకు కెమిస్ట్రీ ఇష్టం, ఈ పని కాదు అని అక్కడ అర్థమైంది. రెండు వారాల్లో తేలిపోయింది, లేకపోతే కాలేజీలో రెండేళ్లు పట్టేది.

చెల్లిని ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఒక వారం ఉండనివ్వండి, టీవై ఇంకా అయిపోలేదు కదా. ఈమెయిల్ చెల్లే రాయాలి, అమ్మానాన్నలు రాస్తే పట్టించుకోరు. హాస్పిటల్, క్రెష్ లాంటి చోట్లకి అయితే గార్డా వెట్టింగ్ (పోలీసు తనిఖీ) అడుగుతారు, దానికి 16 నిండాలి, మీ సంతకం కూడా కావాలి, టైమ్ పడుతుంది.

ఇంకోటి, తెలుగు రాస్తే పాయింట్లు వస్తాయా అని మా నాన్న సీరియస్‌గా అడిగారు. రావు. వస్తే నా కష్టాలు సగం తీరేవి.

చాక్‌పీస్:
ఇక్కడ సెకండరీ స్కూల్లో పాఠాలు చెబుతుంటాను, అందుకే ఎవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను. ఫిజిక్సా ఆర్టా అన్నది పక్కన పెట్టి, మీ అమ్మాయి సిక్స్త్ ఇయర్ క్యాలెండర్ ఒకసారి గీయించండి. 2025 సెప్టెంబర్ నుంచి ఫిఫ్త్ ఇయర్‌లో చేరినవాళ్లకి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కొత్త సిలబస్. ఒక్కోదానికి 40 శాతం మార్కులు విద్యార్థి సొంతంగా చేసే పరిశోధన పనికి. ఆర్ట్‌లో సగం మార్కులు ప్రాక్టికల్ కోర్స్‌వర్క్‌కి. ఐరిష్ ఓరల్ (మాట్లాడే పరీక్ష) 40 శాతం, హయ్యర్ ఫ్రెంచ్ ఓరల్ 25 శాతం. ఇవన్నీ జూన్ రాతపరీక్షకి ముందే తేలిపోతాయి. జూన్ టెన్షన్ తగ్గుతుంది, మంచిదే, కానీ ఆ చలికాలం మాత్రం మామూలుగా ఉండదు. ఫిజిక్స్ తీసుకుంటే మూడు సైన్సులు, మూడు పరిశోధనలు. ఆర్ట్ తీసుకుంటే రెండు పరిశోధనలు, ఒక పెద్ద ఆర్ట్ ప్రాజెక్టు. భారం రెండిట్లోనూ ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి విసుక్కోకుండా ఏది చేస్తుందో అది రాయించండి.

టీవై వేస్టు అనేవాళ్లకి ఒక మాట. 1974లో రిచర్డ్ బర్క్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు మొదలైన ఏడాది ఇది, పరీక్షల ఒత్తిడి నుంచి పిల్లలకి కాస్త ఊపిరి ఇవ్వాలనే పెట్టారు. దాన్ని నింపడంలో స్కూలుకీ స్కూలుకీ చాలా తేడా ఉంటుందన్నది నేను కూడా ఒప్పుకుంటాను. కొన్నిచోట్ల వారాలకి వారాలు సినిమాలు చూపిస్తారు.

ఫ్రెంచ్ మాత్రం వదలనివ్వకండి. ఎన్‌యూఐ (నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లాండ్) కాలేజీల్లో ఇంజినీరింగ్, సైన్స్‌కి మూడో భాష అడగరు గానీ వేరే కోర్సులు చాలావాటికి అడుగుతారు. మీ అమ్మాయి ఇంకా రెండు ఆలోచనల మధ్య ఉంది, మూడోది పుట్టినా పుట్టొచ్చు.

గాల్వే అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి. లూకన్ నాన్న గారి మెసేజ్ మావారికి చదివి వినిపించాను. 102 అనగానే చేతిలో టీ కప్పు కింద పెట్టి, కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నారు. క్యాలెండర్ మా అమ్మాయే గీసింది, ఫిబ్రవరి, మార్చి గళ్లు నిండిపోయాయి, దాని మొహం కూడా కాస్త పాలిపోయింది, అయినా ఆర్టే అంటోంది. పోనీ ఫిజిక్స్ బయట సాయంత్రం క్లాసులో చెప్పిద్దామా అని ఇప్పుడు ఈయన కొత్త పాట ఎత్తుకున్నారు. ఎనిమిది సబ్జెక్టులు చేయించినవాళ్లెవరైనా ఉన్నారా?

లూకన్ నాన్న:
మేం చేయించాం, అప్లైడ్ మ్యాథ్స్. అక్టోబర్ సెలవులకే మానేశాడు. ముందు ఆ ఏడూ నడవనివ్వండి. ఫిఫ్త్ ఇయర్ మొదటి కొన్ని వారాల్లో క్లాసులో సీటుంటే సబ్జెక్టు మార్చుకోనిస్తారు, ఆ సంగతి ఇయర్ హెడ్‌ని (ఆ ఏడాది పిల్లల బాధ్యత చూసే టీచర్‌ని) ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఫారం మాత్రం కొత్త కాపీ తీసుకుని పెన్నుతో నింపించండి.