ఫోన్ ప్యాచ్‌లో (రేడియోను ఫోన్ లైన్‌కు కలిపే పరికరం) నల్ (రిసీవర్ మాట ట్రాన్స్‌మిటర్ వైపు కారకుండా రద్దు చేసే సర్దుబాటు) కుదరట్లేదు, వాక్స్ (మాట వినగానే ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేసే స్విచ్) దానంతటదే ఆన్ అవుతోంది. ఏం చూడాలి?

అమెరికాలో 13927 కిలోహెర్ట్జ్ మీద మార్స్ (సైన్యానికి తోడ్పడే అమెచ్యూర్ రేడియో వ్యవస్థ) వాలంటీర్లు సైనిక విమాన సిబ్బందిని ఫోన్ లైన్‌కు కలిపే పని కోసం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ హైబ్రిడ్ (లైన్‌పై వచ్చే, పోయే మాటలను విడదీసే సర్క్యూట్) ఇది. పాత రాగి తీగ లైన్‌పై 600 ఓమ్ బ్యాలెన్స్‌తో (లైన్‌కు సరితూగేలా హైబ్రిడ్‌లో పెట్టే లోడ్) నల్ చక్కగా దొరికేది. ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్ పెట్టాక, విమానం నుంచి వచ్చే మాటే తిరిగొచ్చి వాక్స్‌ను లేపుతోంది. రిసీవర్ మూగబోయి పైలట్ మాట సగంలో తెగుతోంది. నల్ పాట్ (నల్ సర్దే నాబ్) ఎంత తిప్పినా అంతే. ట్రాన్స్‌మిట్ చేయకముందే జరుగుతోంది కాబట్టి ఆర్‌ఎఫ్ (మన ట్రాన్స్‌మిటర్ రేడియో తరంగాలు) ప్యాచ్‌లోకి దూరడం కాదు. అడాప్టర్ ఇంపీడెన్స్‌ను 900 ఓమ్ + 2.16 మైక్రోఫారడ్‌కు మార్చితే కాస్త తగ్గింది. మరి హైబ్రిడ్ బ్యాలెన్స్ వైపు కూడా అదే ఆర్‌-సి (రెసిస్టర్, కెపాసిటర్) సిరీస్‌లో పెట్టాలా? ఇంటర్నెట్ ఫోన్‌లో ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనిని నల్ ఎలాగూ కొట్టలేదు. దానికి యాంటీ-వాక్స్ (రిసీవర్ మాటకు వాక్స్ లేవకుండా ఆపే సర్క్యూట్) సరిపోతుందా, లేక వాక్స్ మానేసి, ‘ఓవర్’ వినగానే చేత్తో పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కడమే దిక్కా?