కరి మింగిన వెలగపండు: ఏనుగా, పురుగా?

ప్రశ్న అడిగినవారు:
సుమతీ శతకంలో అందరికీ నోటికొచ్చిన పద్యమే.

సిరి దా వచ్చిన వచ్చును
సలలితముగ నారికేళ సలిలము భంగిన్
సిరి దా బోయిన బోవును
కరి మ్రింగిన వెలఁగపండు కరణిని సుమతీ!

ఏనుగు వెలగపండును అమాంతం మింగేస్తుందని, పేడలో పెంకు పెంకులాగే బయటికొస్తుందని, లోపల గుజ్జు మాత్రం ఉండదని బడిలో చెప్పారు. మా మామయ్య ఒప్పుకోడు. ఇక్కడ కరి అంటే ఏనుగు కాదురా, వెలగకాయకు పట్టే పురుగు అంటాడు. ఏది సరి?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
పురుగు అర్థం నేనూ చాలాసార్లు విన్నాను బాబూ. సంస్కృతంలో ఇదే పోలిక ‘గజభుక్త కపిత్థవత్’ అని ఉంది, అక్కడా గజానికి పురుగని చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం ఏనుగే నచ్చుతుంది. కరం అంటే తొండం, అది ఉన్నది కరి. పైగా ‘కపిత్థ జంబూ ఫలసార భక్షితం’ అని వెలగపండు పెట్టేది ఏనుగు తల ఉన్న స్వామికే కదా! పురుగుకు తొండం ఎక్కడిది?

ప్రశ్న అడిగినవారు:
బియ్యంలో ముక్కపురుగుకు ఉన్నదేమిటి మాస్టారూ?

మాస్టారు:
దొరికిపోయాను.

పత్తికొండ వైపు నుంచి ఒకరు:
ఏనుగైనా పురుగైనా పెంకుకు చిల్లు కనబడదు, అసలు సంగతి అదీ. కొబ్బరికాయా అంతే, నీళ్లు ఎటునుంచి వచ్చాయో పైకి తెలియదు. రావడానికీ పోవడానికీ కవి గట్టి పెంకున్న కాయలే ఏరుకున్నాడు చూడండి. అదృష్టం అంటేనే అ-దృష్టం, చూడబడనిది.

నన్ను పట్టుకున్న మాట ఇంకొకటుంది, ‘వచ్చిన వచ్చును’. పాత తెలుగులో ఈ ‘వచ్చిన’ అంటే వస్తే అని. తొలకరి పడితే మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుందని ఆశ. పోయినేడు ఒకాయన సద్దిమూట గట్టున పెట్టి, నడుం వంచి అడుగడుగూ వెతుకుతున్నాడు. ఎన్నాళ్లయింది అన్నా అని అడిగితే తలెత్తకుండానే, “పదకొండు దినాలు. దొరికితే దొరుకుతాది” అన్నాడు. వచ్చిన వచ్చును అంటే అచ్చం అదే కదా!

మాస్టారు:
బాగా పట్టారు. కానీ ఒక తేడా ఉంది. ఆయన మాటలో వస్తుందో రాదో అన్న ఊగిసలాట ఉంది. పద్యంలో అది లేదు, వచ్చేటప్పుడు ఎలా వస్తుందో చెబుతుందంతే. పైగా ‘సిరి దా’ అన్నాడు, అంటే సిరి తా, తనంతట తాను. వెతికే మనిషికి ఇందులో చోటే లేదు. మన ‘కలిసొచ్చింది’ కూడా ఇలాంటిదే. నాకు కలిసొచ్చింది అంటాం, నేను కలిపాను అనం.

పత్తికొండ నుంచి:
పదకొండు దినాలు వంగిన నడుముకు ఆ మాట చెప్పలేం మాస్టారూ.

ప్రశ్న అడిగినవారు:
ముక్కపురుగు సంగతి మామయ్యకు చెప్పాను, తెగ సంబరపడ్డాడు. ఈ చవితికి పాలవెల్లికి కట్టిన వెలగకాయలన్నీ మర్నాడు పగలగొట్టి చూస్తాడట.