వాన లేక పొగాకు కింది ఆకులు పసుపెక్కాయి, కొట్టేయాలా?

పొదిలి రైతు: మాది ఎర్ర నేల. వర్జీనియా రకం పొగాకు నాటి 50 రోజులు, 22 రోజులుగా చినుకు లేదు. మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి లేచేవి. నిన్నట్నుంచి పొద్దున ఆరింటికి కూడా తడిగుడ్డలా వేలాడుతున్నాయి. కింద నాలుగాకులు పసుపు. పక్క చేనాయన "ఆకు పండింది, కోసేయ్, కొట్టేయ్" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

వ్యవసాయ విద్యార్థి: అన్నా, అది పండటం కాదు. కరువులో మొక్క ముసలాకుల్లోని నత్రజనిని లేతాకులకు లాక్కుంటుంది. మధ్యాహ్నం వాలడం మామూలే. ఆకు తన సూక్ష్మరంధ్రాలు మూసి నీరు దాచుకుంటుంది. కానీ అప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాక ఎదుగుదల కూడా ఆగుతుంది. తెల్లారినా లేవలేదంటే నేలలో తేమ అయిపోయినట్టే. తడి పెట్టండి.

కొండపి పెద్దాయన: తడి పెట్టే ముందు బోరు నీళ్లు నాలుక మీద వేసుకుని చూడు నాయనా. ఉప్పగా ఉంటే వద్దు. క్లోరైడ్ ఎక్కిన ఆకు సరిగా కాలదు, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. నేనొకసారి ఆ దెబ్బ తిన్నా. బెట్టకొచ్చిన ఆకు చిన్నదై దళసరెక్కుతుంది. నికోటిన్ పెరిగి చక్కెర తగ్గుతుంది.

పొదిలి రైతు: నీళ్లు చప్పగానే ఉన్నాయి బాబాయ్. రాత్రి సాలు విడిచి సాలు పారించా. పొద్దున చూస్తే మొవ్వాకులు లేచాయి. కింది నాలుగూ అలాగే ఉన్నాయి, ఇంకా కొట్టలేదు.