వైరస్ ఫిల్టర్ ప్లాంటులో మధ్యలోనే మూసుకుపోతోంది, ల్యాబ్‌లో మాత్రం బాగానే నడిచింది

పూల్_ట్యాంక్:
మోనోక్లోనల్ యాంటీబాడీ (మందుగా వాడే ప్రొటీన్), 2000 లీటర్ల బ్యాచ్. శుద్ధి దశలు వరసగా: ప్రొటీన్ ఏ, లో పీహెచ్ హోల్డ్, కేటయాన్ ఎక్స్చేంజ్, క్యూ మెంబ్రేన్ ఫ్లో త్రూ, ఆ తర్వాత 20 నానోమీటర్ల వైరస్ ఫిల్టర్. గాఢత లీటరుకు 12 గ్రాములు, ప్రెషర్ నిలకడగా 2 బార్. చిన్న డివైజ్‌లో అప్పుడే చేసిన పూల్ (ముందు దశ నుంచి వచ్చిన యాంటీబాడీ ద్రావణం) చదరపు మీటరుకు 600 లీటర్లు పోయినా ఫ్లక్స్ (ఫిల్టర్ గుండా ప్రవాహ వేగం) పెద్దగా తగ్గలేదు. ప్లాంటులో 250 దాటేసరికి ఐదో వంతుకు పడిపోతోంది. ఇక్కడ పూల్‌ని 0.2 మైక్రాన్‌లో వడకట్టి, 2–8 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచి వాడుతున్నాం. ఎస్ఈసీలో (అణువులను సైజు ప్రకారం వేరుచేసే పరీక్ష) అగ్రిగేట్లు (ముద్దకట్టిన ప్రొటీన్ అణువులు) రెండుచోట్లా 0.8 శాతమే. ఫిల్టర్ ఏరియా పెంచడం తప్ప దారి లేదా?

మెంబ్రేన్‌బాట:
ఏరియా జోలికి పోకముందు ఆ మూడు రోజుల సంగతి తేల్చండి. ఎస్ఈసీ చూపే 0.8 శాతంలో ఎక్కువ భాగం డైమర్లే (రెండేసి అణువుల జతలు) అయి ఉంటాయి. రంధ్రాలను మూసేవి వాటికన్నా పెద్దవి, ఎస్ఈసీకి కనపడనంత కొద్దిగా ఉంటాయి. 0.2 మైక్రాన్ అంటే 200 నానోమీటర్లు, వాటికి అడ్డే కాదు.

అడ్సార్ప్టివ్ ప్రీఫిల్టర్‌ని (అగ్రిగేట్లను తనకు అంటించుకుని పట్టేది) వైరస్ ఫిల్టర్‌కి ముందు, అదే లైన్లో పెట్టండి. ముందురోజే వడకట్టి ఉంచితే అగ్రిగేట్లు మళ్లీ పుట్టవచ్చు. కేటయాన్ ఎక్స్చేంజ్ రకానికి పీహెచ్ యాంటీబాడీ పీఐ (నికర విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్) కన్నా కిందుండాలి, కండక్టివిటీ (అంటే ఉప్పు) తక్కువుండాలి. ఉప్పు ఎక్కువైతే నైలాన్ రకం చూడండి.

నాలుగు చిన్న డివైజ్‌లు చాలు: తాజా పూల్, మూడు రోజుల పూల్, ఒక్కోటి ప్రీఫిల్టర్‌తో, లేకుండా. స్పైకింగ్ స్టడీలో (కావాలని వైరస్ కలిపి ఫిల్టర్ ఎంత ఆపుతుందో చూసే పరీక్ష) మాత్రం వైరస్‌ని ప్రీఫిల్టర్ దాటాకే కలపాలి. లేకపోతే ప్రీఫిల్టర్ పట్టుకున్నది కూడా వైరస్ ఫిల్టర్ ఖాతాలో పడుతుంది.

పూల్_ట్యాంక్:
ప్రీఫిల్టర్ వచ్చేలోపు, ఫ్లక్స్ పడినప్పుడు ఆపి, బఫర్‌తో ఫ్లష్ చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చా?

స్కిడ్_దగ్గర:
వద్దండీ, అది అన్నిటికన్నా ప్రమాదం. ప్రవాహం ఉన్నంతసేపూ వైరస్ కణాలు మెంబ్రేన్‌లో చిక్కిన చోటే ఉంటాయి. ప్రెషర్ తీయగానే అటూ ఇటూ కదులుతాయి, తిరిగి మొదలుపెట్టినప్పుడు కొన్ని పెద్ద రంధ్రాల దారి పట్టి బయటికొస్తాయి. ఎంతసేపటి ఆగింపుని వ్యాలిడేషన్‌లో పరీక్షించారో అంతవరకే మీ క్లియరెన్స్ (వైరస్ తొలగింపు) లెక్క చెల్లుతుంది. ఫ్లక్స్ ఎంత తగ్గేవరకు నడపొచ్చన్నదీ అంతే. ఫీడ్ నుంచి చివరి బఫర్ ఫ్లష్‌కి మారేటప్పుడు కూడా ఇదే చిక్కు. రెండు వెసల్స్‌నీ ముందే 2 బార్‌లో పెట్టి వ్యాల్వ్‌తో మార్చండి.

మెంబ్రేన్‌బాట:
ఇంకొకటి, పూల్‌ని చల్లగానే ఫిల్టర్‌కి ఎక్కిస్తున్నారా? 5 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గరకన్నా ఒకటిన్నర రెట్లు, దాంతోనే ఫ్లక్స్ మూడో వంతు తగ్గుతుంది. అయితే అది మొదటి నిమిషం నుంచే కనిపిస్తుంది, మీకు జరుగుతున్నట్టు పోనుపోను పడిపోదు. ల్యాబ్, ప్లాంటు గ్రాఫులు రెండూ 20 డిగ్రీలకు సరిచేసి పక్కపక్కన పెట్టండి, ఆ తేడా తీసేశాక మిగిలిందే ఫౌలింగ్ (రంధ్రాలు మూసుకుపోవడం).